చెయ్యి అంటే యాడి నుంచి యాడికి

నాకు ఒక చోట కుదురుగా కూర్చొనే గుణం చిన్నప్పటి నుంచీ లేదు. బళ్ళో బెంచీ కింద కాలు ఆడిస్తానే ఉంటానని టీచర్లు తిట్టేవాళ్ళు. అట్లాంటి దాన్ని వేలూరులో ఒక ఆస్పత్రి బిల్లింగ్ కౌంటర్లో మూడేండ్లు కూర్చున్నా. ఎట్ల కూర్చున్నానో నాకే తెలీదు. ఒకరోజు మధ్యాన్నం లేచి వచ్చేసినా. కంప్యూటర్లో బొమ్మలు చేసేది నేర్చుకుంటానని ఇంట్లో చెప్తే, మా అమ్మ బీడీ ఆకును చేతిలో అట్లనే పట్టుకొని, "ఏం బొమ్మలు పాపా, కొలువు బొమ్మలా?" అనింది.

కొలువు బొమ్మలు కాదుమా, ఫోన్లో పిలకాయలు ఆడే ఆటల్లో మనుషులు ఉంటారే, వాళ్ళను ఎవరో ఒకరు చెయ్యాల గదా, ఆ పని అని చెప్పినా. "దానికి జీతం ఇస్తారా?" అనింది. ఇస్తారన్నా. ఆమె ఇంకేం అడగలే.

మాది వేలూరు పక్కన గుడియాత్తం. నాయన గోడలకు పూత పూసే మేస్త్రి. వారమంతా నాట్రంపల్లి పక్క కట్టడాల కాడనే ఉండి శనివారం పొద్దు గూకినాక ఇంటికొస్తాడు. అమ్మ ముందు ఆయనతోనే సిమెంటు చట్టీలు మోసేది, తర్వాత ఇంట్లోనే కూర్చొని బీడీలు చుట్టేది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా ఇంట్లో ఎవరికీ తెలుగు రాయను రాదు. నేను బళ్ళో చదివిందీ తమిళమే. ఈ అక్షరాలు ఈమధ్య పంతం పట్టి నేర్చుకున్నవి, తప్పులుంటే సర్దుకోండి.

కౌంటర్లో మా సూపర్వైజరమ్మ మంచిది. "ఆరు నెలలు నీ సీట్లో ఎవరినీ పర్మనెంటుగా వెయ్యను, ఆ లోపల తిక్క కుదిరితే వచ్చేయి" అనింది. తిక్క అనే అనింది. అందుకే ఆ ఆరు నెలలూ నా తల మీద గడియారం పెట్టుకొని తిరిగినట్టే తిరిగినా. ఆరో నెల చివర్లో వేలూరులో ఒక చిన్న స్టూడియో వాళ్ళు పరీక్ష పెట్టినారు. వాళ్ళకు కావాల్సింది ఒక్క మనిషి. ఆ పని దొరికితే బొమ్మలు, దొరక్కపోతే మళ్ళీ ఆ కౌంటరు, ఆ గాజు కిటికీ, ఆ టోకెన్ నంబర్లు. ఆ కిటికీ గుర్తుకొస్తేనే కూర్చున్నదాన్ని లేచి నిలబడేదాన్ని.

నేను నేర్చుకున్న క్లాసు ఒక చెప్పుల అంగడి పైన మేడ మీద ఉన్నింది. ఒక గది, ఆరు కంప్యూటర్లు, ఒక ఫ్యాను. నేర్పించే సారు తమిళాయన. మొదటి రోజు స్క్రీన్ మీద బూడిద రంగు ఉండ ఒకటి చూపించి, ఇదే మట్టి, ఇందులోంచి మనిషి రావాల అన్నాడు. కంప్యూటరుకు తగిలించిన పలక మీద పెన్నుతో రుద్దితే ఆ మట్టి ఉబ్బుతాది. ఒక మీట నొక్కి రుద్దితే లోపలికి పోతాది. ఇంకో మీట నొక్కి రుద్దితే గతుకులన్నీ పోయి నున్నగా అవుతాది. పూత మేస్త్రి కూతుర్ని గదా, ఆ నున్నగా చేసే మీట నాకు నిండా నచ్చింది. నెల రోజులు దేన్ని చేసినా నున్నగా రుద్ది పారేసినా. మోకాలు లేదు, మెడ లేదు, నడుము లేదు, అన్నీ ఒకటే నునుపు. సారు నా వెనకాల నిలబడి చూసి, "గోడ బాగా వచ్చింది, మనిషి ఎప్పుడు వస్తాడు?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆయన అన్నది నిజమే కాబట్టి ఇంకా మండింది.

తోలు కింద ఏముందో తెలీకుండా తోలు చేస్తే ఇంతే అని చెప్పి, ఎముకలూ కండలూ చదవమన్నాడు. చదివినా. కూర్చొని చదివే రకం కాదు కాబట్టి టౌను బస్సులో నిలబడి చదివినా. గుడియాత్తం నుంచి వేలూరు పొయ్యేలోపల బస్సులో ఉండేవాళ్ళందరి గొంతు కింద అడ్డ ఎముకలు చూసేదాన్ని. పైన కమ్మీ పట్టుకొని నిలబడినోళ్ళకు చంక కాడ కండ ఎట్ల లేస్తాదో చూసేదాన్ని. ఒకసారి ఒక పెద్దాయన మోచెయ్యిని వంగి వంగి చూస్తా ఉంటే, ఆయన పెండ్లాం లేచి నాకూ ఆయనకూ మధ్యలో వచ్చి నిలబడింది. చదువు కోసరమమ్మా అని చెప్తే, "ఏం చదువో" అని మొహం తిప్పుకునింది. రెండు స్టాపులు ముందే దిగి నడిచిపోయినా.

రెండో నెలలో నాకు పరువు పోయిన కత ఒకటి చెప్పాల. సారు ఇంటి పని ఇచ్చినాడు, హ్యాండ్ చేసుకొని రమ్మని. నేను మూడు రోజులు కష్టపడి భుజం నుంచి గోళ్ళ దాకా మొత్తం చేసి తీసకపోయినా. అందరూ మణికట్టు నుంచి వేళ్ళ దాకానే చేసుకొచ్చినారు. క్లాసంతా నవ్వింది. నేనేం చేసేది? మా ఇంట్లో చెయ్యి అంటే భుజం కాడ మొదలై గోరు కాడ అయిపోతాది. చెయ్యి నొస్తా ఉండాది అంటే రెట్ట కావచ్చు, మోచెయ్యి కావచ్చు, వేలు కావచ్చు. తమిళంలో కై అన్నా అంతే. ఇంగ్లీషు వాళ్ళు మాత్రం దాన్ని ముక్కలు ముక్కలు చేసి ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టుకున్నారు. ఆ రోజు నవ్వినోళ్ళ మీద కోపంతో ఆ పేర్లన్నీ నోట్సులో తమిళ అక్షరాల్లో రాసుకొని బట్టీ పట్టినా. ఇంక హ్యాండ్ అంటే మణికట్టు కిందిది, ఆర్మ్ అంటే పైది. నిద్రలో లేపి అడిగినా తప్పు చెప్పను అనుకున్నా. ఆ గర్వం తర్వాత నన్నే కరిచింది.

పరీక్ష ఏమంటే, నిలబడిన మొగమనిషి ఒకడు, తల నుంచి పాదం దాకా, పది రోజుల్లో చేసి పంపించాల. ఒకసారి చూసి తప్పులు చెప్తారు, దిద్ది మళ్ళీ పంపాల, అంతే. ఎవరి సాయమూ తీసుకోకూడదు.

మనిషి కొలతలకు పటాలు ఉంటాయి. తల ఇంత ఉంటే ఒళ్ళు దానికి ఎన్ని రెట్లు ఉండాల, చేతులు కిందికి విడిస్తే వేలి కొనలు తొడలో యాడికి రావాల, అన్నీ గీసి ఉంటాయి. క్లాసులో ఆ పటం చూసే చేసేవాళ్ళం. పరీక్షకు వచ్చేసరికి నాకు బుర్రలో పురుగు తొలిచింది. ఆ పటంలో ఉండేవాడు తెల్లోడు, ఆరడుగులోడు. మన పక్క మనిషి అట్ల ఉంటాడా? నేను మన మనిషిని చేస్తా, మన కొలతతో చేస్తా అనుకున్నా. నాయన ఇంట్లో లేడు. శనివారం దాకా ఆగే ఓపిక నాకు యాడుండాది? తొడ మీద చేట పెట్టుకొని బీడీలు చుట్టుకుంటా ఉండే అమ్మను లేపి, గోడకానించి నిలబెట్టి, చేతులు కిందికి విడువుమని చెప్పి, ముందు నుంచి ఫోన్లో ఫోటో తీసుకున్నా. మొహమూ ఎదా మొగోడివే చేస్తాలే, కొలత మాత్రం నీది అని చెప్పినా. "నా కొలతతో మొగోడా?" అని నవ్వి, మళ్ళీ చేట ముందరేసుకొని కూర్చునింది.

ఆ ఫోటో పక్కన పెట్టుకొని కుడి పక్కంతా చేసినా. ఈ పనిలో ఒక సుఖం ఉండాది. ఒక పక్క చేస్తే చాలు, రెండో పక్క అద్దంలో మాదిరి దానంతటదే వచ్చేస్తాది. కుడి చెవి చేస్తే ఎడమ చెవి వస్తాది, కుడి చెయ్యి చేస్తే ఎడమ చెయ్యి వస్తాది. అందుకే అమ్మ ఎడమ పక్కను నేను తిరిగి కూడా చూడలే.

ఎనిమిదో రోజే పంపించేసినా. పంపినాక ఇంట్లో ఉండలేకపోయినా. అంగడికి పొయ్యేది, ఏం కొనాలనో మరిచిపొయ్యేది, వచ్చేది. అమ్మ, "ఒక దగ్గర కూర్చో పాపా, నిన్ను చూస్తే నాకే తల తిరగతా ఉండాది" అనింది. రెండు రోజులకు స్టూడియో సారు కాడ నుంచి మెసేజ్ వచ్చింది. ఒక్కటే వరస: హ్యాండ్ ఈజ్ షార్ట్, కరెక్ట్ అండ్ సెండ్.

నాకు సంతోషమయ్యింది. తప్పు ఒకటే ఉండాది, అదీ నాకు బాగా తెలిసిన మాటలో ఉండాది. హ్యాండ్ అంటే మణికట్టు నుంచి వేలి కొన దాకా. రెండో నెలలో ఏమీ తెలీని దాన్నయితే చెయ్యంతా సాగదీసేదాన్ని అనుకొని నాలో నేనే నవ్వుకున్నా. అరచెయ్యిని పొడుగు చేసినా, వేళ్ళు పొడుగు చేసినా. పొడుగైతే సన్నంగా కనిపిస్తా ఉండాయని లావు చేసినా. చూసేదానికి ఏదో తేడాగా ఉన్నింది. అయినా పెద్దోళ్ళు చెప్పినారు, వాళ్ళ కండ్లకు తెలీదా అనుకున్నా. అమ్మ తల ఎత్తి స్క్రీన్ చూసి, "ఈయప్ప చేతులు ఏందిమా, రెండు చేటలు కట్టినట్టుండాయి" అనింది. నీకు తెలీదు గమ్మున ఉండు అని కసురుకున్నా. పంపించేసినా.

శనివారం పొద్దున ఫోను మోగింది. స్టూడియో సారే. గుడ్ మార్నింగ్ కూడా లేదు. తమిళంలో, "ఏమ్మా, కై పొట్టిగా ఉండాది పొడుగు చెయ్యమంటే, పంజాను ఎందుకమ్మా అంత పెద్దది చేస్తివి?" అన్నాడు.

కై. ఆ మాట విన్నాక నేను మంచం మీద కూర్చునేసినా. ఆయన కూడా మన పక్కాయనే గదా. ఆయన ఇంట్లో కూడా భుజం నుంచి గోరు దాకా అంతా కై గదా. కై పొట్టి అని మనసులో అనుకొని, దాన్నే ఇంగ్లీషులో హ్యాండ్ అని రాసి పంపినాడు. నేనేమో ఎవరో లండన్ దొర రాసినట్టు చదువుకున్నా. ఏమీ నేర్చుకోకుండా ఉండింటే సరిగ్గా అర్థమయ్యుండేది. నేర్చుకొని చెడిపోయినా.

సార్, నేను హ్యాండ్ అంటే మణికట్టు కింద అనుకున్నా సార్ అన్నా. అవతల పక్క నవ్వినట్టు వినిపించింది. "సరే, నా తప్పు కూడా ఉండాది. సోమవారం పొద్దున లోపల పంపు. అంతకు మించి టైం ఇయ్యలేను, ఇంకొకరి బొమ్మ కూడా బాగుండాది" అన్నాడు. ఆ ఇంకొకరు ఎవరో తెలీదు గానీ రోజంతా ఆ మనిషిని తిట్టుకున్నా. మధ్యాన్నం సూపర్వైజరమ్మ కూడా ఫోను చేసింది. వస్తావా రావా సోమవారం సాయంత్రం లోపల చెప్పేయి, ఇంక నా చేతిలో లేదు అనింది.

పంజాలను మళ్ళీ పాత కొలతకు తెచ్చినా. ఇప్పుడు చెయ్యంతా ఎంత పొడుగు చెయ్యాల? మొదటిసారి ఆ పటాన్ని తీసి పక్కన పెట్టి చూసినా. పటంలో వేలి కొనలు తొడ మధ్యకు వస్తాయి. నా బొమ్మకు దానికి జానెడు పైనే నిలిచిపోయినాయి. తెల్లోళ్ళ కొలత అనుకున్నా గదా, బీరువా అద్దం ముందర నిలబడి నా చేతులు విడిచి చూసుకున్నా. నాకూ తొడ మధ్యకే వచ్చినాయి. మరి అమ్మవి ఎందుకు రాలే? ఫోటో సరిగ్గా తియ్యలేదేమో అనుకొని, ఆమెను మళ్ళీ లేపి నిలబెట్టి ఈసారి పక్క నుంచి చూసినా.

కుడి మోచెయ్యి ముందుకు వంగి ఉన్నింది. ముందు నుంచి ఫోటో తీస్తే ఆ వంపు కనపడదు, చెయ్యి పొట్టిగా ఉన్నట్టే కనిపిస్తాది.

"బిగబట్టొద్దుమా, విడువు" అన్నా.

"విడిచే ఉండాను."

"ఇంకొంచెం కిందికి."

"ఇంతే పాపా అది. ఇంతకు మించి రాదు."

మోచెయ్యి కింద నా అరచెయ్యి పెట్టి మెల్లగా చాపినా. ఒక చోట గట్టిగా ఆగిపోయింది. ఆ కీలులో ఏ ఎముక ఏ గుంటలో కూర్చుంటాదో నాకు తెలుసు, పేర్లు కూడా తెలుసు. ఏమైందిమా అని అడిగినా.

"నీకు రెండో ఏడు. వేలూరులో ఒక మేడకు కాంక్రీటు పోసే రోజు. కట్టెలు కట్టిన సారం మీద చట్టి ఎత్తుకొని పోతా ఉంటే కాలు జారింది. మీ నాయన తీసకపోయి కట్టు కట్టించినాడు. నలభై దినాలు ఉంచుకోమని చెప్పినారు. ఇరవై దినాలకే ఊడదీసుకొని పనికి పోతిని" అనింది. అదేదో బస్సు తప్పిపోయిందని చెప్పినట్టు చెప్పింది. "దేనికి చూస్తా ఉండావు?" అని అడిగింది. ఊరికేనే అన్నా.

ఆమె మళ్ళీ కూర్చొని బీడీలు ఎత్తుకునింది. నేను ఆ గదిలో నుంచి ఈ గదికి, ఈ గదిలో నుంచి ఆ గదికి కాలు కాలిన పిల్లి మాదిరి తిరిగినా. ఇన్నేండ్లు ఎట్ల చూడలే నేను? ఆలోచిస్తే తెలిసింది. చట్టి నెత్తిన పెట్టుకుంటే చెయ్యి మడిచే ఉంటాది. బీడీ చుట్టేటప్పుడు మడిచే ఉంటాది. నాకు జడ వేసినా, ముద్ద కలిపి పెట్టినా, ఆ చెయ్యి మడిచే ఉన్నింది. ఆమె చెయ్యి చాపి ఊరికే నిలబడింది నేను ఎప్పుడూ చూసిందే లేదు. ఫోటోకు నిలబెట్టిన రోజు తప్ప. ఆ రోజు కూడా నేను చూసింది ఫోనును. బస్సులో ముక్కూ మొహం తెలీనోళ్ళ మోచేతులు చూసి తిట్లు తినిందాన్ని, ఇంట్లో ఉండే మోచెయ్యి నాకు కనపడలే. సిగ్గేసింది. ఆ కట్టు ఊడదీస్తా ఉంటే గమ్మున చూసిన నాయన మీద కోపం వచ్చింది. పొద్దు గూకినాక ఆయన వస్తే మొహం ఇచ్చి మాట్లాడలే. ఆయనకు ఎందుకో అర్థం కాలే పాపం.

దిద్దేదానికి అరగంట కూడా పట్టలే. కుడి చెయ్యిని మోచేతి కింద సాగదీసినా, మణికట్టును దించినా, ఎడమది దానంతటదే సరిపోయింది. ఆదివారం మధ్యాన్నమే పంపించేసినా. బొమ్మ నిజంగానే బాగుండింది. చేతులు విడిచి నిలబడిన మనిషి, అంతే. నాకు మాత్రం దాన్ని చూడబుద్ధి కాలే.

సోమవారం నాయన పనికి పోయినాడు. పది గంటలు, పదకొండు గంటలు, ఫోను లేదు. నేను గిన్నెలు తోమినా, తోమిన గిన్నెలు మళ్ళీ తోమినా. మధ్యాన్నం కరెంటు పోయింది. సూపర్వైజరమ్మకు వస్తానని చెప్పేస్తే పీడా పోతాది గదా అని ఫోను ఎత్తి రెండుసార్లు మళ్ళీ పెట్టేసినా. మూడున్నరకు స్టూడియో సారు ఫోను చేసినాడు. వచ్చే వారం నుంచి రమ్మన్నాడు. సరే సార్, సరే సార్ అంటానే ఉన్నా. తర్వాత సూపర్వైజరమ్మకు చెప్పేసినా. "పోనీలే, బాగుండు" అనింది.

అమ్మ ముందర పోయి నిలబడి, పని వచ్చిందిమా అన్నా. ఆమె నోటితో నవ్వలే, కండ్లతో నవ్వింది, ఎందుకంటే పండ్లతో దారం పట్టుకొని ఉన్నింది. దారం తెంచి, "మొదట తప్పు ఉండాదన్నారే, ఏం తప్పంట?" అని అడిగింది.

నా నోరు ఎప్పుడూ బుర్ర కంటే ముందు పోతాది. "చెయ్యి పొట్టిగా ఉన్నింది" అనేసినా.

ఆమె వేళ్ళు ఆగిపోయినాయి. నేను నాలుక కరుచుకున్నా గానీ అప్పటికే ఆమె తన కుడి చెయ్యి వైపు చూస్తా ఉండాది. "నన్ను నిలబెట్టి ఫోటో తీస్తివే, దాన్ని చూసేనా చేస్తివి?" అనింది. కూరలో ఉప్పు ఎక్కువైందని ఎవరన్నా చెప్తే ఎట్ల అయిపోతాదో అట్ల అయిపోయింది ఆమె మొహం.

"నాకు ముందే చెప్పింటే ఎడమ చెయ్యి చూపించేదాన్ని గదా పాపా" అనింది.

నేను ఆమె పక్కన కూర్చొని ఏడ్చినా. ఆపుకుందామంటే ఆగలే. "ఏందిమా ఇది, పని వస్తే ఎవరన్నా ఏడుస్తారా" అంటా, ఆమె చేటను తొడ మీద నుంచి దించి పక్కన పెట్టింది.